లినక్స్ సొంతంగా నేర్చుకుందాం – 7వ పాఠం: మౌంట్ కాని డిస్క్ డ్రైవ్

గత పాఠంలో పెన్‌డ్రైవ్‌ను చేత్తో మౌంట్ చేయడం (అంటే దానిలోని ఫైళ్లు ఒక ఫోల్డర్‌లో కనిపించేలా కలపడం), జాగ్రత్తగా తీయడం చూశాం. ఈసారి అంతకంటే మొండి సరుకు: యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించే సీడీ, డీవీడీ డ్రైవ్. ఎప్పటిలాగే ఆదేశాలను పలికినట్టు రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు అన్నీ చిన్న ఆంగ్ల అక్షరాలే.

డిస్క్ పెట్టాక తెర మీద ఏమీ రాకపోతే చాలామంది మౌంట్ ఆదేశాన్నే మళ్లీ మళ్లీ కొడుతుంటారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. మౌంట్ ఆఖరి మెట్టు. అంతకంటే ముందు డ్రైవ్‌కు చాలినంత కరెంటు అందాలి, కెర్నెల్ (పరికరాలను నడిపించే లినక్స్ గుండెకాయ) దాన్ని గుర్తుపట్టాలి, డ్రైవ్ డిస్క్‌ను చదవగలగాలి, ఆ డిస్క్ మీద ఫైల్‌సిస్టమ్, అంటే ఫైళ్లను అమర్చే పద్ధతి, ఉండాలి. పని ఏ మెట్టు దగ్గర ఆగిందో కనిపెట్టడమే ఈ పాఠం.

ముందు కేబుల్ పీకేయండి. టెర్మినల్‌లో 'సుడో డీఎంఈఎస్‌జీ -డబ్ల్యూ' అని కొట్టి, దాన్ని అలాగే నడవనిచ్చి, కేబుల్ మళ్లీ పెట్టండి. కెర్నెల్ ఏం చూస్తోందో అప్పటికప్పుడు వరుసలుగా వస్తుంది. 'న్యూ హై-స్పీడ్ యూఎస్‌బీ డివైస్' లాంటి వరుస మొదట రావాలి. ఒకట్రెండు సెకన్లలో 'అటాచ్డ్ స్కసీ సీడీ-రామ్ ఎస్‌ఆర్0' అని ఇంకొకటి రావాలి. మొదటిదే రాలేదంటే లినక్స్‌ను తిట్టుకుని లాభం లేదు, కేబులో పోర్టో మార్చి చూడండి. రెండూ వస్తే డ్రైవ్ పేరు '/డెవ్/ఎస్‌ఆర్0' అన్నమాట.

కరెంటు సంగతి కాస్త నిదానంగా చూద్దాం, ఎందుకంటే చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు ఇచ్చేది 900. డ్రైవ్ ఊరికే ఉన్నప్పుడు అది సరిపోతుంది. డిస్క్ పెట్టగానే మోటారు వేగం అందుకోవడానికి ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. అందుకే డ్రైవ్ చక్కగా కనిపించి, డిస్క్ పెట్టగానే మాయమవుతుంది. లాగ్‌లో, అంటే ఇందాకటి కెర్నెల్ వరుసల్లో, సరిగ్గా ఆ క్షణానికి 'యూఎస్‌బీ డిస్‌కనెక్ట్' అనో, 'రీసెట్' అని పదే పదేనో పడుతుంది. డిస్క్ కాసేపు గుర్రుమని తిరిగి, టక్కుమని ఆగి, మళ్లీ మొదలెడితే చెవితోనే పట్టుకోవచ్చు. హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కే పెట్టండి, పొట్టి కేబుల్ వాడండి. డ్రైవ్‌తో రెండు తలల కేబుల్ వచ్చి ఉంటే రెండో తల కూడా పెట్టండి. అది అలంకారానికి ఇచ్చింది కాదు. అప్పటికీ కాకపోతే సొంత అడాప్టర్ ఉన్న హబ్ కావాలి.

ఒక వింత డ్రైవ్ గురించి కూడా చెప్పాలి. ఆపిల్ సూపర్‌డ్రైవ్‌ను లినక్స్‌కు తగిలిస్తే ఎస్‌ఆర్0 కనిపిస్తుంది కానీ డిస్క్‌ను లోపలికి తీసుకోదు. దానికి ముందుగా ఒక సంకేతం పంపాలి. ఎస్‌జీ3 అండర్‌స్కోర్ యుటిల్స్ ప్యాకేజీ (ఉబుంటు, డెబియన్‌లలో పేరులో అండర్‌స్కోర్ బదులు హైఫన్) వేసుకుని, 'సుడో ఎస్‌జీ అండర్‌స్కోర్ రా /డెవ్/ఎస్‌ఆర్0 ఈఏ 00 00 00 00 00 01' అని ఇస్తే దారికొస్తుంది.

డ్రైవ్ నిలకడగా ఉందా? అయితే 'ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్' కొట్టండి. ఎస్‌ఆర్0 ఎదురుగా 'ఐఎస్‌ఓ9660' అనో 'యూడీఎఫ్' అనో (రెండూ డిస్కుల మీద వాడే ఫైల్‌సిస్టమ్‌లే) ఉంటే డ్రైవ్ డిస్క్‌ను చదవగలుగుతోంది. ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. -ఎఫ్ లేకుండా కొడితే సైజు 1024ఎం అని కనిపించవచ్చు. అది చూసి డిస్క్ ఉందనుకోకండి, ఖాళీ డ్రైవ్ కూడా మామూలుగా అలాగే చూపిస్తుంది. అప్పుడు మౌంట్ చేస్తే 'నో మీడియం ఫౌండ్' అంటుంది.

డిస్క్ ఉన్నా ఫైల్‌సిస్టమ్ పేరు రాకపోతే, అది పాటల సీడీ కావచ్చు. ఆడియో సీడీలో ఫైళ్లే ఉండవు. ఒక్కోటి 2352 బైట్ల సెక్టార్లు, సెకనుకు 75 చొప్పున, శబ్దం వరుసగా రాసి ఉంటుంది. మౌంట్ చేయడానికి అందులో ఏమీ లేదు, వీఎల్‌సీలో తెరిచి వినడమే. ఫైల్ మేనేజర్ ఒక్కోసారి ట్రాకులను ఫైళ్లలా చూపించేది మన సౌకర్యం కోసమే. ఖాళీ డిస్క్‌దీ ఇదే కథ. డిస్క్ రాశాక ముగించకుండా, అంటే ఫైనలైజ్ చేయకుండా వదిలేసినా వేరే డ్రైవ్‌లో తెరుచుకోకపోవచ్చు. రాసిన డ్రైవ్‌లోనే పెట్టి చూడండి.

ఇప్పుడు మౌంట్ చేద్దాం: 'సుడో మౌంట్ /డెవ్/ఎస్‌ఆర్0 /ఎంఎన్‌టీ'. 'రైట్-ప్రొటెక్టెడ్, మౌంటెడ్ రీడ్-ఓన్లీ' అని వస్తే టెన్షన్ పడకండి. అది తప్పు కాదు, పని అయిపోయిందని చెప్పడమే. 'రాంగ్ ఎఫ్‌ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్' అని వస్తే మాత్రం ఆ వాక్యాన్ని పట్టుకుని వేలాడకండి. ఉన్న అనుమానాలన్నీ ఒకే గుక్కలో చెప్పే సందేశం అది. అసలు కారణం లాగ్ చివరి వరుసల్లో ఉంటుంది. అక్కడ 'మీడియం ఎర్రర్' అనో 'ఐ/ఓ ఎర్రర్' అనో ఉంటే డిస్క్ గీతలు పడిందేమో, లేదా డ్రైవ్ లెన్స్ మీద దుమ్ముందేమో చూడాలి. డిస్క్‌ను మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా తిప్పుతూ కాదు.

'అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్ టైప్' అంటే డిస్క్ బాగానే ఉండొచ్చు. కొన్ని డిస్ట్రోల్లో (లినక్స్ రకాల్లో) కెర్నెల్ అప్‌డేట్ అయ్యాక రీబూట్ చేయకపోతే, నడుస్తున్న పాత కెర్నెల్ మాడ్యూళ్లు (ఫైల్‌సిస్టమ్ చదవడం లాంటి పనులకు కెర్నెల్ అవసరమైనప్పుడు తెచ్చుకునే ముక్కలు) అప్పటికే తొలగిపోయి ఉంటాయి. 'యూనేమ్ -ఆర్' ఇచ్చే పేరుతో '/లిబ్/మాడ్యూల్స్'లో ఫోల్డర్ లేకపోతే ఇదే కారణం. రీబూట్ చేస్తే సరి.

సినిమా డీవీడీ మౌంట్ అయినా ప్లే కాకపోతే అది ఎన్‌క్రిప్షన్ గొడవ, ఈ పాఠానికి సంబంధించింది కాదు. పని అయ్యాక డ్రైవ్ బటన్ నొక్కినా డిస్క్ బయటికి రాకపోతే ఇంకా మౌంట్ అయి ఉందన్నమాట. 'సుడో యూమౌంట్ /ఎంఎన్‌టీ', ఆపైన 'ఎజెక్ట్'. 'టార్గెట్ ఈజ్ బిజీ' అంటే ఏదో టెర్మినల్ ఇంకా ఆ ఫోల్డర్‌లోనే నిలబడి ఉంటుంది. అది తరచుగా మీరు టైప్ చేస్తున్న టెర్మినలే.

అభ్యాసం: ఖాళీ డ్రైవ్, ఆడియో సీడీ, డేటా డిస్క్ – మూడింటికీ 'ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్' ఏం చూపిస్తుందో రాసుకోండి. గీతలు పడిన డిస్క్ దొరికితే పారేయకండి. వచ్చే పాఠంలో డీడీరెస్క్యూ అనే డేటా కాపాడే పనిముట్టుతో దాన్నుంచి ఫైళ్లు బయటికి తీద్దాం.