అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే పిల్లలకు హెల్మెట్ ఎంపిక, అమరిక

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు బడి ఫుట్‌బాల్ జట్టులో చేరినప్పుడు, క్రికెట్ చూస్తూ పెరిగిన తల్లిదండ్రులకు హెల్మెట్ కొనడం కొత్త పనే. అందువల్ల ముందుగా ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి: హెల్మెట్ పుర్రె పగలకుండా బాగా కాపాడుతుంది గాని, మెదడు అదురు వల్ల కలిగే కన్‌కషన్‌ను పూర్తిగా ఆపగల హెల్మెట్ ఇంతవరకు రాలేదు. దెబ్బ తగిలినప్పుడు తల గిర్రున తిరిగితే, పుర్రె చెక్కుచెదరకపోయినా లోపలి మెదడు మెలిపడుతుంది.

ఈ రంగంలో రిడెల్ 1929 నుంచి ఉన్న పాత సంస్థ. షట్, జెనిత్, వైసిస్ కూడా పేరున్నవే. పాతకాలపు హెల్మెట్‌లో గట్టి ప్లాస్టిక్ డొప్ప, దాని లోపల మెత్త మాత్రమే ఉండేవి. 2017లో మార్కెట్లోకి వచ్చిన వైసిస్ జీరో1 దెబ్బకు కొద్దిగా వంగే బయటి పొరనూ, దాని కింద అన్ని దిక్కులకూ వంగగల చిన్న స్తంభాల వరుసనూ వాడి, తల తిప్పే బలాన్ని తగ్గించేందుకు ప్రయత్నించింది. రిడెల్ తన స్పీడ్‌ఫ్లెక్స్‌లో డొప్ప ముందు భాగాన్ని కోసి, అక్కడ వంగే పలకను అమర్చింది. తరువాత కొన్ని నమూనాలలో త్రీడీ ముద్రణతో చేసిన జల్లెడ వంటి లోపలి మెత్తలను ప్రవేశపెట్టింది.

కొనేటప్పుడు మొదట హెల్మెట్‌పై నాక్సీ (NOCSAE) ముద్ర ఉన్నదో లేదో చూడండి. 1969లో ఏర్పడిన ఈ ప్రమాణాల సంస్థ, 1973లో తొలి ఫుట్‌బాల్ హెల్మెట్ ప్రమాణాన్ని వెలువరించింది. అయితే ఆ ముద్ర కనీస అర్హతను మాత్రమే చెబుతుంది. నమూనాలను పోల్చుకోవాలంటే, వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం 2011 నుంచి ప్రకటిస్తున్న నక్షత్రాల పట్టికను చూడవచ్చు. అందులో నక్షత్రాలు ఎక్కువ ఉంటే మంచిది, వాటితో పాటు ఇచ్చే స్కోరు మాత్రం ఎంత తక్కువైతే అంత మంచిది. పిల్లల హెల్మెట్లకు వేరే పట్టిక ఉంది కనుక, పెద్దల పట్టికలోని అంకెలను పిల్లలకు వర్తింపజేయకండి.

నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైనది అమరిక. ఎంత ఖరీదైన హెల్మెటైనా తలపై వదులుగా కదిలితే దాని సాంకేతికత అంతా వృథా. కనుబొమలకు సుమారు అంగుళం పైన టేపు చుట్టి తల కొలత తీసుకొని, ఆ తయారీదారు ఇచ్చిన కొలతల పట్టికలో పోల్చుకోండి. ఒక సంస్థ మీడియం మరో సంస్థ మీడియంతో సరిపోదు. తొడిగాక హెల్మెట్ ముందు అంచు కనుబొమలకు ఒకటి రెండు వేళ్ల వెడల్పు పైన నిలవాలి, చెవి రంధ్రాలు చెవులకు ఎదురుగా రావాలి, దవడ మెత్తలు బుగ్గలను తాకుతూ ఉండాలి. తరువాత ముందు భాగాన్ని పట్టుకొని పైకీ కిందికీ, పక్కలకూ కదపండి: నుదుటి చర్మం హెల్మెట్‌తో పాటు కదలాలి గాని, హెల్మెట్ చర్మంపై జారకూడదు. గడ్డం పట్టీ కొక్కేలన్నీ బిగించాకే ఈ పరీక్ష చేయండి. గాలి నింపే మెత్తలు ఉంటే, చలిలో గాలి ఒత్తిడి తగ్గుతుంది కనుక ప్రతి ఆటకు ముందు మళ్లీ చూసుకోవాలి. జుట్టు కత్తిరించుకున్న తరువాత కూడా అమరిక మారుతుంది. ఈ సంగతి చాలామంది గమనించరు.

హెల్మెట్‌ను తేలికపాటి సబ్బునీళ్లతో శుభ్రం చేయండి. దానిపై కూర్చోవద్దు, ఎండలో నిలిపిన కారులో వదలవద్దు, తయారీదారు అనుమతి లేకుండా రంగులు వేయడం గాని స్టిక్కర్లు అంటించడం గాని చేయవద్దు. పైన తొడిగే మెత్తటి టోపీల వంటివి వాడాలనుకుంటే, లీగ్ అనుమతితో పాటు హెల్మెట్ ధ్రువీకరణపై వాటి ప్రభావాన్ని కూడా ముందే అడిగి తెలుసుకోండి. అమెరికాలో హెల్మెట్లను మరమ్మతు చేసి మళ్లీ ధ్రువీకరించే సంస్థల సంఘంలోని సభ్యులు పదేళ్లు దాటిన వాటిని స్వీకరించరు. కాబట్టి వాడినదాన్ని కొనేటప్పుడు లోపల తయారీ సంవత్సరం, చివరి ధ్రువీకరణ తేదీ చదవండి. అవి చెరిగిపోయి ఉంటే కొనవద్దు.

ఆటలో దెబ్బ తగిలిన తరువాత బిడ్డకు తలనొప్పి, మైకం, తికమక, వాంతులు వంటివి కనిపిస్తే, ఎంత మంచి హెల్మెట్ తొడుక్కున్నా వెంటనే ఆట ఆపించి వైద్యుడికి చూపించండి. వైద్యుడు అనుమతించేదాకా మైదానంలోకి పంపవద్దు. ఆ హెల్మెట్ డొప్పలో పగుళ్లు, మెత్తల్లో చీలికలు ఉన్నాయేమో జట్టు పరికరాల బాధ్యుడితో పరిశీలింపజేయండి.