ముసురు పట్టకముందే కడుపు జాగ్రత్తలు

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మునిగింది, వరంగల్ హంటర్ రోడ్డు కాలనీల్లో పడవలు తిరిగాయి. ప్రతి ఏడూ అంత వాన పడకపోవచ్చు. కానీ మోరీ నీళ్లు బావిలోకో నల్లా పైపులోకో చేరడానికి అంత వాన అక్కర్లేదు, రెండు రోజుల ముసురు చాలు. అందుకే వానలు ముదరకముందే కొన్ని పనులు చేసి పెట్టుకోవాలి.

అన్ని జాగ్రత్తలూ ఒకే ఎత్తు కాదు. ఏ బ్యాక్టీరియా ఎన్ని కడుపులోకి పోతే జబ్బు చేస్తుందో తెలిస్తే ఎక్కడ గట్టిగా ఉండాలో తెలుస్తుంది. అమెరికాలోని మేరీల్యాండ్‌లో 1960, 70 దశకాల్లో పరిశోధకులు వలంటీర్లకు లెక్కపెట్టి మరీ బ్యాక్టీరియా తాగించి చూశారు. (వాళ్లలో చాలామంది జైలు ఖైదీలు. ఇప్పుడైతే ఖైదీల మీద అలాంటి ప్రయోగం చేయనివ్వరు.) టైఫాయిడ్ బ్యాక్టీరియా లక్ష తాగినవాళ్లలో పావు వంతు మందికి, కోటి తాగినవాళ్లలో సగం మందికి జబ్బు వచ్చింది. మన పెద్దలు గత్తర అనే కలరాకు కోట్లలో కావాల్సి వచ్చింది. రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లాకు మాత్రం పది నుంచి వంద చాలు.

షిగెల్లా విషయంలో నీళ్లు ఎంత కాచినా చేతులు కడగకపోతే లాభం లేదు. పసిపిల్లల దొడ్డి కడిగిన చేత్తోనే అన్నం కలిపితే ఆ వంద ఎప్పుడో దాటిపోతాయి. వంటింటి దగ్గరా, దొడ్డి దగ్గరా సబ్బు విడివిడిగా పెట్టండి. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు అవుతుంటే వాళ్లను వంటకు దూరంగా ఉంచండి. శుభకార్యాల వంట మాస్టర్లకు ఇది మరీ ముఖ్యం.

కలరా ప్రయోగంలో ఇంకో సంగతి బయటపడింది. బ్యాక్టీరియాతో పాటు వంటసోడా కూడా తాగిస్తే కోట్లు అక్కర్లేకపోయింది, వేలు, లక్షల్లోనే జబ్బు వచ్చింది. కడుపులోని యాసిడ్ చాలావరకు క్రిములను చంపేస్తుంది. సోడా ఆ యాసిడ్‌ను విరిచేసింది. ఇప్పుడు మనవాళ్లు పొద్దున లేవగానే వేసుకునే గ్యాస్ గోళీ చేసేదీ అదే, యాసిడ్ తగ్గించడం. డాక్టర్ రాసి ఉంటే, ముఖ్యంగా గుండెజబ్బు మందులతో కలిపి ఇచ్చి ఉంటే మానకండి. కానీ మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని ఏళ్ల తరబడి మింగుతున్నవాళ్లు వానాకాలానికి ముందే ఒకసారి డాక్టర్‌తో మాట్లాడండి. ఆ కడుపు మంటకు అసలు కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కావచ్చు. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ దాన్ని పట్టుకున్నారు. అల్సర్ టెన్షన్ వల్ల, కారం వల్ల వస్తుందని నమ్మే డాక్టర్లు ఒప్పుకోకపోతే మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియాను తానే తాగి కడుపు జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. పరీక్ష చేయించి, ఆ బ్యాక్టీరియా ఉందని తేలితే రెండు వారాల కోర్సుతో చాలామందికి పోతుంది.

ఇక నీళ్లు. నల్లా రోజంతా రాదు కదా. వాల్వు కట్టేశాక పైపులో ఒత్తిడి పడిపోతుంది, పగులు ఉన్నచోట బయటి మురికిని లోపలికి పీల్చుకుంటుంది. అందుకే నల్లా రాగానే మొదట వచ్చే నీళ్లు వదిలేయండి, బిందె తర్వాత పెట్టండి. నల్లా గుంత మోరీ పక్కనే ఉంటే దాన్ని ఎత్తు చేయించండి. వాటర్ ప్లాంట్ క్యాన్ ఉంది కదా అని ధీమా వద్దు. ఆర్‌ఓ నీళ్లలో క్లోరిన్ మిగలదు, క్యాన్ మురికిగా ఉన్నా, చెంబు ముంచినా మళ్లీ క్రిములు చేరతాయి. నీళ్లు తెర్లేదాకా కాచి, కుళాయి ఉన్న డబ్బాలో పోసుకుంటే సరి. కాచే వీలు లేకపోతే అర గ్రాము క్లోరిన్ గోళీ ఒకటి 20 లీటర్ల తేటనీళ్లలో వేసి అరగంట ఆగండి. మురికి నీళ్లయితే ముందు వడకట్టాలి. బావికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ లెక్క. మూత తీసి ఉంచిన పాత పౌడర్‌కు ఘాటు పోయి ఉంటుంది, దాన్ని నమ్మొద్దు.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల క్యాంపుల్లో కలరా చెలరేగి సెలైన్ అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. గ్లూకోజ్ ఉంటేనే పేగు ఉప్పునూ నీళ్లనూ లోపలికి లాక్కుంటుంది. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి, సగం సగం వద్దు, 24 గంటలు దాటితే పారబోయాలి. తియ్యని జ్యూస్ డబ్బాలు ఓఆర్‌ఎస్ కావు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచాతో పట్టండి. పిల్లలకు జింక్ గోళీలు కూడా రాయించుకోండి.

కళ్లు లోపలికి పోయినా, మూత్రం ఆగినా, రక్తం పడినా, మత్తుగా ఉన్నా ఇంట్లో ఉంచొద్దు. 108కు ఫోన్ చేయండి. విరేచనాలు కట్టే గోళీలు పిల్లలకు అసలే వద్దు.

జ్వరం మూడు రోజులు దాటితే చాలామంది విడాల్ టెస్ట్ చేయించుకుని టైఫాయిడ్ అనేసుకుంటారు. పాత జ్వరానికీ, వేరే జబ్బులకూ అది పాజిటివ్ చూపించగలదు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్ష) అడగండి. టైఫాయిడ్ టీకా సంగతి కూడా ఇప్పుడే పిల్లల డాక్టర్‌ను అడగొచ్చు. హైదరాబాద్‌లోనే తయారయ్యే కాంజుగేట్ టీకా ఆరు నెలలు దాటిన పిల్లలకు ఒక్క డోసు.

మీ వాడలో ఒకేసారి నాలుగైదు ఇళ్లలో మోషన్స్ మొదలైతే ఎవరింటికి వాళ్లు ఆర్‌ఎంపీ దగ్గరికి పరిగెత్తకుండా ఆశా కార్యకర్తకు చెప్పండి. అందరూ ఒకే పైపు నీళ్లు తాగుతుండొచ్చు. యాంటీబయాటిక్ వేసుకోకముందు తీసిన విరేచనం నమూనా ల్యాబ్‌కు వెళ్తే ఏ బ్యాక్టీరియానో, ఏ మందుకు లొంగుతుందో తెలుస్తుంది. ఓఆర్‌ఎస్ మాత్రం ఆ రిపోర్టు కోసం ఆపొద్దు.