టూడీ ఎకో నార్మల్ అయితే బ్లాకులు లేనట్టేనా? ఏ అల్ట్రాసౌండ్ ఏం చెబుతుందంటే

మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందని వెళ్లినవారికి టూడీ ఎకో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్) నార్మల్ వస్తే, ఇక గుండెకు ఢోకా లేదనుకుంటారు. అది పొరపాటు. మామూలు ఎకోలో కనిపించేది గుండె కండరం, కవాటాలు, పంపింగ్. నాళాల్లోని పూడిక కాదు. ఒక నాళం 70 శాతం పూడినా, కదలకుండా పడుకున్న మనిషికి వచ్చే రక్తం సరిపోతుంది, గోడ చక్కగానే ముడుచుకుంటుంది. పాత గుండెపోటు మచ్చ ఉంటే మాత్రం దొరుకుతుంది. స్ట్రెయిన్ కొలత (ముడుచుకున్నప్పుడు గుండె కండరం ఎంత శాతం కురచవుతుందో చెప్పే అంకె, సాధారణంగా మైనస్ 20 శాతం దగ్గర) కాస్త ముందే తేడా చూపవచ్చు గానీ, బీపీ, షుగర్ వల్ల కూడా అది తగ్గుతుంది. దాన్నిబట్టి బ్లాకు ఉందని తేల్చలేం.

బ్లాకు బయటపడాలంటే గుండెకు పని పెట్టాలి. అలా శ్రమ పెట్టి తీసే ఎకోనే స్ట్రెస్ ఎకో. నడవగలిగితే ట్రెడ్‌మిల్ మేలు, ఎంత శ్రమకు నొప్పి వస్తోందో కూడా తెలుస్తుంది. గుండె వేగం చేరాల్సిన లక్ష్యం, 220లోంచి వయసు తీసేస్తే వచ్చే అంకెలో 85 శాతం: 60 ఏళ్లవారికి నిమిషానికి 136 సార్లు కొట్టుకోవాలి. ఆ వేగం అందకుండా ఆపేస్తే, నార్మల్ అన్న రిపోర్టుకు బలం తక్కువ.

అసలు కష్టం ట్రెడ్‌మిల్ ఆగాక మొదలవుతుంది. రోగి వెంటనే బల్ల మీద ఎడమవైపు తిరిగి పడుకోవాలి, దాదాపు 60 సెకన్లలో అన్ని కోణాలూ తీయాలి. ఆలస్యమైతే గోడ మళ్లీ మామూలుగా కదిలి, బ్లాకు చేజారుతుంది. అందుకే ఎటు దిగాలి, ఎలా తిరగాలి అన్నది ముందే ఒకసారి చేయించి చూడాలి.

మోకాళ్ల నొప్పులతో నడవలేనివారికి గుండెను వేగంగా, గట్టిగా కొట్టుకునేలా చేసే డోబుటమిన్ మందు రక్తంలోకి ఎక్కిస్తారు: కిలో బరువుకు నిమిషానికి 5 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, మూడేసి నిమిషాలకు 10, 20, 30, 40. అప్పటికీ వేగం అందకపోతే గుండె వేగం పెంచే అట్రోపిన్ మందు కలుపుతారు. గుండెదడ, లయ తప్పడం మామూలే కాబట్టి డీఫిబ్రిలేటర్ (షాక్ ఇచ్చి లయ సరిచేసే యంత్రం) పక్కనే ఉండాలి. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు 24 నుంచి 48 గంటల ముందు ఆపాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి, సొంతంగా మానేయవద్దు.

రిపోర్టులో ‘కొత్తగా గోడ కదలిక తగ్గింది’ అన్న మాట వెతకండి. ముందు గోడ, గుండె కొన అయితే ఎడమ ముందు నాళం, కింది గోడ అయితే ఎక్కువగా కుడి నాళం, పక్క గోడ అయితే సర్కంఫ్లెక్స్ అనే ఎడమవైపు నాళం అనుమానించాలి. విశ్రాంతిలోనూ శ్రమలోనూ ఒకేలా కదలకపోతే అది పాత మచ్చ. కింది గోడ మొదలు దగ్గర (కవాటం వైపు) ఒక్క భాగమే తేడాగా ఉంటే తొందరపడవద్దు, అక్కడ బ్లాకు లేకున్నా ఉన్నట్టు చూపే తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువ. లావుపాటివారిలో, ఊపిరితిత్తుల జబ్బున్నవారిలో బొమ్మ మసకబారుతుంది. పక్కపక్కనున్న రెండు భాగాలు కనబడకపోయినా బుడగల కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి రక్తంలోకి ఎక్కించే సూక్ష్మ బుడగల మందు) అడగాలి.

మెడ నాళాల స్కాన్‌లో కొవ్వు గడ్డ కనిపిస్తే ముప్పు పెరిగిందని అర్థం, గుండెలో బ్లాకు ఎక్కడుందో అది చెప్పదు. నాళం లోపలికే పంపే అల్ట్రాసౌండ్ (ఐవస్) యాంజియోగ్రామ్ సమయంలోనే చేస్తారు, పూడిక స్వభావం, స్టెంట్ సైజు తేల్చడానికి.

కూర్చున్నచోటే నొప్పి వస్తుంటే మాత్రం స్ట్రెస్ పరీక్ష వద్దు. ముందు ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందా అని చూసే రక్తపరీక్ష), అదీ ఎమర్జెన్సీలో.