విటమిన్ డి లోపం – 3వ పాఠం: వారం మందును రోజూ మింగితే

ఈ పాఠంలో ఎండ గురించి చెప్పుకోవాల్సింది. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. రిపోర్టు చదవడం నేర్చుకున్న 2వ పాఠం చివర్లో "60,000 ఐయూ, వారానికి ఒకటి, 8 వారాలు" అని ఒక్క ముక్కలో తేల్చేశాను (ఐయూ అంటే విటమిన్ మోతాదును కొలిచే యూనిట్). చాలామంది తడబడింది అక్కడే. కొందరు నాలుగు క్యాప్సూల్స్ స్ట్రిప్ అయిపోగానే కోర్సు పూర్తయిందనుకున్నారు. కొందరు రోజుకొకటి మింగారు.

స్ట్రిప్‌లో నాలుగే ఉంటే అది సగం కోర్సు. ఇంకో స్ట్రిప్ కొనాలి, అంతే.

రోజుకొకటి మింగడం మాత్రం అంత తేలిగ్గా వదిలేసే పొరపాటు కాదు. డాక్టరు చీటీలో "ఓడబ్ల్యూ" అంటే వారానికోసారి, "ఓడీ" అంటే రోజుకోసారి. గొలుసుకట్టు రాతలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. మందుల షాపులో బీపీ బిళ్ళ కవరు మీద రాసినట్టే దీని మీదా "1-0-0" అని రాసిచ్చేస్తారు. ఇంట్లో పెద్దవాళ్ళు చీటీ చూడరు, ఆ కవరు చూసి వేసుకుంటారు. అందుకే షాపులోనే నిలబడి, ఆ అంకెలు కొట్టేయించి "వారానికి ఒకటి, ఆదివారం" అని తెలుగులో రాయించుకోండి.

లెక్క చూడండి. వారానికి 60,000 అంటే రోజుకు సగటున 8,570 ఐయూ. రోజూ వేసుకుంటే 8 వారాల్లో పడాల్సిన 4,80,000 ఐయూ 8 రోజుల్లోనే పడిపోతుంది. నెలంతా మింగితే 18 లక్షలు. బీ కాంప్లెక్స్ ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది. ఇది అలా పోదు, కొవ్వులో నిల్వ ఉంటుంది. పేగులు కాల్షియాన్ని అతిగా పీల్చుకుంటాయి, ఎముకల నుంచీ కాల్షియం రక్తంలోకి వస్తుంది. ఇక అన్నం సయించదు, వాంతులు, మలబద్ధకం, ఎంత తాగినా తీరని దాహం, మాటిమాటికీ మూత్రం, మగత. గ్యాస్ అనో షుగర్ అనో అనుకుంటూ ఉండగానే కిడ్నీలు దెబ్బతింటాయి. మందు ఆపినా కాల్షియం దిగిరావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ఇలా వేసుకున్నవారు ఇవాళే ఆపేసి డాక్టరును కలవండి. 25-ఓహెచ్ డి (రక్తంలో విటమిన్ డి పరీక్ష)తో పాటు సీరమ్ కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) చేయించుకోండి. కాల్షియం బిళ్ళలు కూడా ఆపాలేమో అడగండి. వాంతులు, మగత ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

కిడ్నీలో రాళ్ళు, టీబీ, సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లాంటి అవయవాల్లో చిన్న చిన్న వాపు గడ్డలు కట్టే జబ్బు) ఉన్నవారు, గర్భిణులు డాక్టరు చెప్పకుండా ఈ మోతాదు మొదలుపెట్టకూడదు. బీపీ బిళ్ళ పేరు చివర "హెచ్" ఉంటే అందులో సాధారణంగా హైడ్రోక్లోరోథయజైడ్ ఉంటుంది. అది మూత్రంలో కాల్షియం పోకుండా ఆపుతుంది కాబట్టి ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

వేసుకునే రోజుగా ఆదివారం మధ్యాహ్న భోజనమే నాకు నచ్చుతుంది. నూనో నెయ్యో ఉన్న అన్నం తిన్నాక వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. శనివారం ఒంటిపూట ఉండేవాళ్ళు ఆ రోజు పెట్టుకోకండి. పొడి ప్యాకెట్ కన్నా క్యాప్సూల్ నయం, ఎన్ని అయ్యాయో స్ట్రిప్ చూస్తే తెలుస్తుంది. పొడే దొరికితే గోరువెచ్చని పాలలో కలపండి. గ్లాసు అడుగున అంటుకున్నదాన్ని ఇంకో రెండు గుక్కల పాలతో తొలిపి తాగండి. ఒక వారం మరిచిపోతే గుర్తొచ్చిన రోజు ఒకటే వేసుకుని, అక్కడి నుంచి ఏడు రోజులు లెక్కపెట్టండి. రెండు కలిపి వేసుకోవద్దు. మూడు వారాలకే ఒళ్ళునొప్పులు తగ్గలేదని మోతాదు పెంచొద్దు, ఎముకల నొప్పికి నెలలు పట్టవచ్చు.

8 వారాలయ్యాక పూర్తిగా మానేస్తే మళ్ళీ పడిపోతుంది. నెలకో 60,000 వేసుకోవాలో, రోజుకు 1,000–2,000 వేసుకోవాలో డాక్టరుతో తేల్చుకోండి. మళ్ళీ పరీక్ష, మందు మొదలుపెట్టిన 3 నెలలకు, అదే ల్యాబులో. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే ల్యాబులో చెప్పండి, కొన్ని యంత్రాల్లో అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తుంది.

పసిపిల్లల చుక్కల మందు గురించి ఒక్క మాట: ఒక మి.లీ.లో 400 ఐయూ ఉన్న సీసాలూ, 800 ఉన్నవీ దొరుకుతాయి. సీసా మారినప్పుడల్లా లేబుల్ చదవండి.

అభ్యాసం. 58 ఏళ్ళ తల్లికి విటమిన్ డి పరీక్షలో 14 నానోగ్రాములు (మి.లీ.కి) వచ్చింది. 3వ తేదీ నుంచి 9వ తేదీ వరకు రోజూ ఒకటి వేసుకుంది. మొత్తం ఎన్ని ఐయూ? 10వ తేదీన ఇంకోటి ఇవ్వాలా? "ఇవ్వాలి" అని రాసినవారు లెక్క దగ్గరి నుంచి మళ్ళీ చదవండి. మెల్‌బోర్న్‌లో ఉన్న ఆమె కొడుకు రిపోర్టులో 45 నానోమోల్స్ (లీటరుకు) ఉంది. ఎవరిది తక్కువ? 2వ పాఠంలోని 2.5 గుర్తుందిగా, నానోగ్రాములను దానితో గుణిస్తే నానోమోల్స్ వస్తాయి.

ఇంకోటి, కాస్త ఓపిక కావాలి. వారం పాటు ఉదయం 8, 10, మధ్యాహ్నం 12, 2, సాయంత్రం 4 గంటలకు డాబా మీద నిలబడి మీ నీడ పొడవు టేపుతో కొలిచి రాయండి. నీడ మీకన్నా పొట్టిగా ఉన్న వేళల కింద గీత గీయండి. ఎండ పాఠానికి ఆ కాగితం కావాలి.