మీ కృపావరం ఏదో తెలుసుకోవడం ఎలా?

కృపావరం అంటే సంఘానికి (చర్చికి) మేలు చేయడానికి దేవుడిచ్చే సామర్థ్యం. ముందు బైబిలు తెరవండి, మీ వరం ఏదో తేల్చే ప్రశ్నాపత్రాల సంగతి తర్వాత. రోమా 12:6–8లో ఏడు, 1 కొరింథీ 12:8–10లో తొమ్మిది వరాలున్నాయి. అన్నీ రాసుకుని, మీకు ఉన్నాయనిపించే రెండు మూడింటికి టిక్కు పెట్టండి.

ఇక పనిలో దిగాల్సిందే, కూర్చుని ఆలోచిస్తే తేలదు. ఒక్కో పరిచర్య మూడు నెలలు చేసి చూడండి. కరుణించే వరం అనుకుంటే, సంఘస్థులెవరైనా గుంటూరు జీజీహెచ్‌ (ప్రభుత్వాసుపత్రి)లో చేరినప్పుడు విజిటింగ్ వేళల్లో వెళ్లండి. మంచం పక్కన పది నిమిషాలు చాలు. రోగి చెప్పేది వినండి. అడిగి ప్రార్థించండి, అదీ రెండు నిమిషాలే, గొంతు తగ్గించి. పక్క మంచాలవాళ్లూ రోగులే కదా. మందులు మానేయమని మాత్రం ఎప్పుడూ చెప్పొద్దు. తోడుగా ఉన్నవాళ్లు అన్నం తిన్నారో లేదో కనుక్కోవాలని మీకే తోచిందా? అది మంచి గుర్తు.

బోధ అయితే సండేస్కూల్లో చిన్నపిల్లలతో మొదలెట్టండి. పై ఆదివారం వాళ్లు పాఠం తిరిగి చెప్పగలగాలి. మైకు మీద మోజునే వరం అనుకోవడం మన సంఘాల్లో మామూలైపోయింది.

భాషల వరం, అంటే తెలియని భాషల్లో మాట్లాడే వరం, విషయంలో 1 కొరింథీ 14:27–28 స్పష్టంగానే ఉంది: ఇద్దరు, మించితే ముగ్గురు, అదీ వంతులవారీగా; అర్థం చెప్పేవారు లేకుంటే సంఘంలో మౌనం.

గడువయ్యాక పాస్టరుగారినీ, మీతో పనిచేసినవాళ్లనీ అడగండి: "నావల్ల ఎవరికైనా మేలు జరిగిందా?" ఇంట్లోవాళ్లనీ అడగండి, వాళ్లు మొహమాటపడరు.