దూడ పుట్టినాక ఏం చెయ్యాల, పేరెట్లా పెట్టాల (మా అనంతపురం వైపు పద్ధతి)

ఆవు ఈనిందంటే పేరు సంగతి తర్వాత, ముందు దూడ ముక్కులో నోట్లో జిగురు తుడిచి తల్లి ముందర వేయండి, మిగతాది అదే నాకుతాది. బొడ్డు రెండు ఇంచులు వదిలి దారంతో కట్టి కోసి టించర్ అయోడిన్ పూయండి, పేడ, బూడిద లాంటివి వద్దు. గంటలోపల ముర్రుపాలు, అంటే ఈనినాక వచ్చే మొదటి పాలు, తాగాల. జున్ను మీద ఆశతో మొత్తం పిండుకోని వీధంతా పంచేవాళ్లుండారు, దూడకి రోగాన్ని తట్టుకునే శక్తి ఆ పాలల్లోనే వచ్చేది, దాని కడుపు నిండినాకే మన జున్ను. మావి (కడుపులో దూడ చుట్టూ ఉండే సంచి) పడలేదని లాగొద్దు, 12 గంటలు దాటితే పశువుల డాక్టర్ని పిలవండి. పడిన మావిని గోనెపట్టలో కట్టి మర్రిచెట్టుకి వేలాడదీస్తే పాలు బాగిస్తాదంటారు, పాల సంగతేమో గానీ ఆవు తినకుండా, కుక్కలు ఈడ్చకుండా ఉంటాది, నాకైతే ఆ పద్ధతి ఇష్టమే.

ఇంక పేరు. పెద్దోళ్లు ఒంటిని చూసి పెట్టేవాళ్లు, నల్లగుంటే కర్రావు, తెల్లమచ్చలుంటే బొల్లావు, కొమ్ముల్లేకుంటే బోడావు, నుదుట మచ్చుంటే చుక్క. మందలో తప్పిపోయినా ఆ పేరు చెప్తే చాలు, ఎవరైనా తోలుకొస్తారు. శుక్రవారం పుడితే లక్ష్మి అని గూడా పెడతారు గానీ ఎదురింట్లో లక్ష్మక్క ఉంటే కొంచెం ఆలోచించండి, పొద్దున్నే "ఒసే లక్ష్మీ, కాలు తియ్యే" అని అరిస్తే జవాబు యాడనుంచి వస్తాదో చెప్పలేం.

పేరు రెండు మూడు అక్షరాలు చాలు, ఇంట్లో అందరూ అదే పిలవాల. పాలకి వదిలేటప్పుడు, ఒళ్లు రుద్దేటప్పుడు పిలవండి, కొట్టేటప్పుడు మాత్రం వద్దు, తర్వాత పేరు వింటేనే దూరం పోతాది. రుద్దేటప్పుడే చెవుల్లోపల, తోక కింద పిడుదులు చూసుకోండి.

ఐర్లాండ్ పల్లెల్లో ఫిబ్రవరి 1న బ్రిజిడ్ అనే క్రైస్తవ సాధ్వి పండక్కి తుంగలాంటి గడ్డితో శిలువ అల్లి కొట్టంలో పెడతారు, పశువులకి కీడు రాకూడదని, మనం వేపమండలు కట్టినట్టే. మండలు కట్టండి, మందులు గూడా వేయించండి. పది పదిహేను రోజులకి నట్టల (కడుపులో పురుగుల) మందు, నాలుగు నెలలకి గాలికుంటు టీకా, ఆ తర్వాత ఆర్నెల్లకొకసారి. మేతకి చెనిక్కాయ (వేరుశనగ) కట్టె వేస్తే మట్టి బాగా దులిపి వేయండి. టీకా వేసేవాళ్లు చెవికి పసుపు ట్యాగ్ గూడా వేస్తారు, 12 అంకెల నంబరుంటాది, ఆఫీసుల్లో కర్రావు అంటే కుదరదు, ఆ నంబరే అడుగుతారు, ఒక్కోసారి ట్యాగు తెగి పడిపోతాది కాబట్టి ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి.