గాలం పట్టేముందు చేతి వాసన సంగతి చూసుకోండి

వానలు పడి కొత్త నీళ్ళు దిగగానే అందరి గాలాలూ బయటికొస్తాయి, అప్పుడు నీళ్ళు ఎర్రగా చిక్కగా ఉంటాయి కాబట్టి చేపకి చూపు పెద్దగా ఆనదు, వాసన, రుచి, నీటి కదలిక వీటి మీదే ఎర వెతుక్కుంటుంది. అందుకే చేతికి ఏం అంటుకుంది, ఎరకి ఏం అంటుకుంది అనేది మిగతా రోజులకంటే ఇప్పుడు ఎక్కువ పట్టించుకోవాలి. ఇంకో సంగతి కూడా ఉంది, మందు వాసనకి చేప ఎర ముట్టదేమో అన్న భయంతోనే కొంతమంది దోమల మందు రాసుకోవడం మానేస్తున్నారు, ఎండలో సన్‌స్క్రీన్ మానేస్తున్నారు. దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి, చేప కోసం డెంగీ తెచ్చుకోవాల్సిన అవసరం లేదు, రెండూ కుదిరే పద్ధతి ఉంది.

ముందు చేప వాసన ఎలా చూస్తుందో తెలిస్తే మిగతాదంతా ఈజీగా అర్థమవుతుంది. చేప ముక్కు ఊపిరి పీల్చుకోడానికి కాదు. ముట్టె మీద ఉండే చిన్న రంధ్రాల్లో ముందుదాంట్లోంచి నీళ్ళు లోపలికెళ్ళి వెనకదాంట్లోంచి బయటికొస్తాయి, మధ్యలో మడతలు మడతలుగా ఒక పొర ఉంటుంది, నీళ్ళలో కరిగి ఉన్న పదార్థాలు అక్కడ తగిలితే చేపకి తెలుస్తుంది. కరగనిది ఎంత ఘాటుగా ఉన్నా చేప ముక్కుదాకా చేరేది తక్కువే. జెల్ల, వాలుగ లాంటి మీసాల చేపలకైతే నోట్లోనే కాదు, మీసాల మీదా ఒంటి చర్మం మీదా కూడా రుచి మొగ్గలు ఉంటాయి, ఈ జాతి చేపల్లో కొన్నిటికి అవి లక్షకి పైనే ఉంటాయని లెక్కగట్టారు. అలాంటి చేప ఎర పక్కనుంచి పోతేనే దాని రుచి తెలిసిపోతుంది.

మరి మనిషి చేతి వాసనకి చేప పారిపోతుందా? ఈ మాట ఊరికే పుట్టలేదు. 1950ల్లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఏటికి ఎదురెక్కే సాల్మన్ చేపల మీద పరీక్షలు చేశారు, మనిషి చేతులు కడిగిన నీళ్ళు, ఎలుగుబంటి పాదం కడిగిన నీళ్ళు పైనుంచి వదిలితే కిందనుంచి ఎక్కే చేపలు కాసేపు ఆగిపోయాయి. దానికి కారణం చర్మం మీద ఉండే సెరీన్ అనే అమైనో ఆమ్లం అని 1956లో తేల్చారు. ఇది నిజమే గానీ దీన్ని పట్టుకుని ప్రతి చేపా మన చేతికి భయపడుతుంది అనుకోకూడదు, అవి గుడ్లు పెట్టడానికి వలస పోయే చేపలు, ఆకలి మీద ఎర వెతికే చేప సంగతి వేరు. ఒట్టి చేత్తో గుచ్చిన వానపాముకి ప్రపంచమంతా చేపలు పడుతూనే ఉన్నాయి కదా. శుభ్రంగా కడుక్కున్న చేతి వాసన గురించి నిద్ర మానుకోనక్కర్లేదు అనేదే నా మాట. అసలు జాగ్రత్త పడాల్సింది చేతికి బయటనుంచి అంటేవాటి గురించి.

అందులో నేను మొదట పెట్టేది పెట్రోలు, డీజిలు, ఇంజిన్ ఆయిల్. బండికో పడవ ఇంజిన్‌కో పెట్రోలు పోసి అదే చేత్తో ఎర గుచ్చడం చాలా మామూలుగా జరిగిపోతుంది. వెళ్ళే ముందే పోయించేసుకోండి, దారిలో తప్పకపోతే గ్లౌజులు వేసుకోండి, ట్యాంకు మూత తుడిచిన గుడ్డని ఎరల పెట్టెలో పడెయ్యకండి. తర్వాతది దోమల మందు, డీట్ (DEET) అనే రసాయనం ఉన్న మందు అయితే మరీను, ఎందుకంటే వాసన సంగతి అలా ఉంచితే డీట్ ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది, రబ్బరు ల్యూర్లు, అంటే నకిలీ ఎరలు, జిగటగా అవుతాయి, ప్లాస్టిక్ పెట్టెలు, కళ్ళద్దాలు పాడవుతాయి, గాలం దారం మీద కూడా పడనివ్వకూడదు. డీట్‌కి బదులు పికారిడిన్ అనే రసాయనం ఉన్న మందు దొరికితే అది ప్లాస్టిక్‌ని అలా పాడుచెయ్యదు, గాలం వేసేవాళ్ళకి అదే నయం. సిగరెట్టు, ఘాటు సెంటు సబ్బు, శానిటైజర్ ఇవి కూడా చేతికి అంటుకుని ఉండకుండా చూసుకుంటే మంచిది.

పద్ధతి ఏంటంటే ఎండలోకి వెళ్ళడానికి ఒక పదిహేను ఇరవై నిమిషాల ముందే సన్‌స్క్రీన్ రాసుకోవాలి, అది ఆరాక దోమల మందు రాసుకోవాలి, ఈ వరస తిరగెయ్యకూడదు. మొహం మీద నేరుగా స్ప్రే కొట్టకండి, అరచేతిలో కొట్టుకుని మొహానికి రాసుకోండి. అంతా అయ్యాక అరచేతులు, వేళ్ళు మాత్రం సువాసన లేని సబ్బుతో బాగా కడగండి, గోళ్ళ సందుల్లో కూడా. మందు ఒంటి మీద ఉండాలి, అరచేతిలో ఉండకూడదు, అంతే. మధ్యలో మళ్ళీ రాసుకోవాల్సి వస్తే గాలం పక్కన పెట్టి, రాసుకుని, కడుక్కుని అప్పుడే ఎర ముట్టుకోండి, దీనికోసం ఒక సీసాలో మంచినీళ్ళు, చిన్న సబ్బు ముక్క సంచిలో వేసుకోండి.

వాసన పోవాలంటే గట్టు మీద బురదతో చేతులు రుద్దుకో అని పెద్దవాళ్ళు చెప్తుంటారు. వాసనకి అది పనిచేస్తుంది, కానీ వానాకాలం చేతి మీద చిన్న గీత ఉన్నా, పగుళ్ళు ఉన్నా అది వద్దే వద్దు. వరద నీళ్ళలో, బురదలో ఎలుకల మూత్రం కలిసి ఉంటుంది, దాన్నుంచి లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం) వస్తుంది, గాయాల్లోంచే ఎక్కువగా లోపలికి పోతుంది. గాయం ఉంటే వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్ వేసి వెళ్ళండి, వచ్చిన తర్వాత కొన్ని రోజుల్లో జ్వరం, ఒళ్ళునొప్పులు, కళ్ళెర్రబడటం మొదలైతే డాక్టరుకి ఫలానా నీళ్ళలో దిగామని తప్పకుండా చెప్పండి.

ఇక ఎరకి పూసే సెంట్ల గురించి. కదలకుండా అడుగున ఉండే ఎర, బురద నీళ్ళు, రాత్రి వేట ఈ మూడిట్లో వాసన నిజంగా ఉపయోగపడుతుంది. వేగంగా లాగే ల్యూర్‌కి మాత్రం చేప కంటితోనూ, ఒంటికి రెండు పక్కలా ఉండే గీతతో నీటి అదురుని పసిగట్టీ దూకుతుంది, దానికి సెంటు పూసినా దూరం నుంచి పిలుచుకొచ్చేది ఏమీ ఉండదు, నోట్లో పెట్టుకున్నాక ఉమ్మెయ్యడానికి ఒక క్షణం ఆలస్యం చేస్తే అదే లాభం. కొనేటప్పుడు నీళ్ళలో కరిగే రకం చూడండి, చేపల్ని లాగేవి ఎక్కువగా అమైనో ఆమ్లాలే, అవి నీళ్ళలో కరుగుతాయి, ఒట్టి నూనె అయితే పైకి తేలిపోతుంది. పారే నీళ్ళలో వాసన కిందవైపుకే పోతుంది, కాబట్టి చేప ఉందనుకున్న చోటికి కొంచెం ఎగువన ఎర పడాలి.

తుప్పు వదిలించే స్ప్రే డబ్ల్యూడీ-40ని ఎర మీద కొడితే చేపలు వస్తాయి, అందులో చేప నూనె ఉంది అని ఒక ప్రచారం ఎన్నాళ్ళనుంచో ఉంది. అందులో చేప నూనె లేదని ఆ కంపెనీయే చెప్పింది. అది పెట్రోలియం సరుకు, నీళ్ళలో కలపకండి. అలాగే కొన్ని జలాశయాల్లో కృత్రిమ ఎర మాత్రమే వాడాలని రూల్ ఉంటే వాసన పట్టించిన ల్యూర్‌ని కొన్నిచోట్ల మామూలు ఎర కిందే లెక్కగట్టొచ్చు, ముందే కనుక్కుని వెళ్ళండి.

చేపని పట్టాక కూడా చెయ్యి సంగతి అయిపోదు. దెబ్బతిన్న చేప చర్మంలోంచి వచ్చే పదార్థం అదే జాతి చేపల్ని బెదరగొడుతుందని కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే జంతు శాస్త్రవేత్త 1938లో చూపించాడు, మన బొచ్చె, రాగండి లాంటి చేపలున్న పెద్ద కుటుంబంలోనే ఇది కనిపించింది. చెరువులో ఇది ప్రతిసారీ వేటని చెడగొడుతుందని నేననను, కానీ చేపని విడిపించాక చెయ్యి కడుక్కుని కొత్త ఎర గుచ్చడానికి ఖర్చేముంది, చేప తుడిచే గుడ్డ వేరు, ఎర చెయ్యి తుడిచే గుడ్డ వేరు పెట్టుకోండి. తిరిగి నీళ్ళలో వదిలే చేపనైతే తడి చేత్తోనే పట్టుకోవాలి, పొడి చేత్తో పట్టుకుంటే దాన్ని కాపాడే జిగురు ఊడిపోతుంది, ఆ చేతికి సన్‌స్క్రీనో దోమల మందో ఉంటే ఇంకా హాని.

నూనె సెంటు పూసిన చేతులు జారతాయి, అలా జారే చేత్తో కొక్కెం తియ్యబోతే వేలికి దిగుతుంది, మీసాల చేపల రెక్క ముల్లు అయితే ఇంకా బాధ, కాబట్టి ముందు తుడుచుకుని అప్పుడు శ్రావణం (ప్లయర్) పట్టుకోండి. సీసం గుండ్లని పళ్ళతో కొరికి నొక్కడం పూర్తిగా మానెయ్యండి, వాటిని ముట్టుకున్న చేత్తో ఏమీ తినకండి, పిల్లలు వెంట ఉంటే తినేముందు వాళ్ళ చేతులు మీరే సబ్బుతో కడగండి.